యాదమ్మత్త వాకిట్లో సీసం పొయ్యి

మా చిన్నప్పుడు... ట్రాన్సిస్టర్‌లో పాట సన్నగిల్లితే బాపు సెల్లు తీసి ఎండలో పెట్టేవాడు. ఇంకో రెండు రోజులు పలికేవి. పూర్తిగా చచ్చాక అవి పిల్లల సొత్తు. రాయితో చితగ్గొట్టి, లోపలి నల్ల పుల్ల తీసి, గచ్చు మీద తొక్కుడుబిళ్ల గీసుకునేవాళ్లం.

"ఆ రోజుల్లో ఏదీ పారేసేవాళ్లం కాదు" అని ఇప్పుడు అందరం మురిపెంగా రాసుకుంటున్నాం. నిజమే... కానీ అది ఒక ఇంటిని ఏం చేసిందో కూడా నేను చూశాను.

ఫలక్‌నుమాలో మాకూ యాదమ్మత్త వాళ్లకూ ఒకటే వాకిలి. చుట్టాలం కాదు, పక్కపక్క గదుల్లో కిరాయికి ఉండేవాళ్లం. ఆమె పెనిమిటి మల్లేశం మామ లారీల షెడ్డులో పనిచేసేవాడు. ఆ షెడ్డు మూతపడ్డాక, పాడైపోయిన లారీ బ్యాటరీలు కొనుక్కొచ్చి ఇంటి దగ్గరే పగలగొట్టడం మొదలుపెట్టాడు.

బ్యాటరీలోని తేజాబును, అదే యాసిడ్‌ను, మోరీలో పోసేవాడు... నురగ లేచేది. లోపలి పలకలు తీసి, ఇనుప కడాయిలో వేసి కరిగించేవాడు. సీసం వెండిలా తళతళలాడుతూ కదిలేది. అంత అందమైన వస్తువును మేము అంతకుముందు చూడలేదు. పొయ్యి చుట్టూ గుంపుగా నిలబడేవాళ్లం. ఎవరూ వద్దనలేదు... ఎవరికీ తెలియదు.

వాళ్లకు చాలా ఏళ్లకు పుట్టిన ఒక్కగానొక్క పిల్ల సరిత. మూడేళ్లది. ఎప్పుడూ నా చంకలోనే ఉండేది. రైలు కూత వినపడితే చాలు, "అక్కా, లైలు... లైలు" అని నా గడ్డం పట్టి తిప్పేది.

పలకల నుంచి రాలిన బూడిదరంగు పొడి వాకిలంతా ఉండేది. యాదమ్మత్త పొద్దున, సాయంత్రం ఊడ్చేది. సరిత ఆ పొడిలో కూర్చుని ఆడుకునేది. వేళ్లు నోట్లో పెట్టుకునేది. అది తియ్యగా ఉంటుందట... తర్వాత తెలిసింది.

ఎండాకాలం వచ్చేసరికి పిల్ల పాలిపోయింది. అన్నం చూస్తే మొహం తిప్పేది. ఊరికే ఏడ్చేది.

"యాదమ్మా, పిల్ల గట్లయిందేందే?" అని అమ్మ అడిగింది.

"కడుపుల నొస్తున్నదంటదక్కా. దిష్టి తగిలినట్టున్నది."

దిష్టి తీశారు. దర్గాకు తీసుకెళ్లి తాయెత్తు కట్టించారు. కడుపులో పురుగులేమోనని నట్టల మందు పోశారు. తర్వాత తర్వాత రైలు పోతున్నా సరిత తల ఎత్తడం మానేసింది. వచ్చిన మాటలు ఒక్కొక్కటే పోయాయి.

ఒక పొద్దున నీళ్లు పోస్తుంటే, తల్లి కాళ్ల మీదే పిల్ల కొయ్యబారిపోయింది. కళ్లు తేలేసింది. యాదమ్మత్త తడి పిల్లను అట్లాగే కొంగులో చుట్టుకుని పరుగెత్తింది. వెనకే మల్లేశం మామ, అమ్మ. అమ్మ చెయ్యి వదలకుండా నేనూ.

పెద్దాసుపత్రిలో డాక్టరు పిల్లను చూశాడు. తర్వాత మల్లేశం మామను నోరు తెరవమన్నాడు. చిగుళ్ల అంచున నీలంగా ఒక గీత.

"ఏం పని చేస్తవు?"

"పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం తీస్త సార్."

"యాడ తీస్తవు?"

"ఇంట్లనే సార్... వాకిట్ల."

డాక్టరు మళ్లీ పిల్ల కనురెప్ప ఎత్తి చూశాడు. "ఆ సీసమే పిల్ల రక్తంల కలిసింది. మెదడుకెక్కింది" అన్నాడు.

యాదమ్మత్త అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. "నేను దినాం ఊడుస్తనే ఉన్న గద సార్..."

సరిత బతికింది. కానీ ఇంటికి వచ్చింది మా సరిత కాదు. మాట లేదు, నడక లేదు, పిలిస్తే చూపు లేదు. మల్లేశం మామ పొయ్యిని తన చేతులతోనే కూలగొట్టాడు. అప్పటికే ఆయన కుడిచేయి మణికట్టు దగ్గర వాలిపోయి, ముద్ద ఎత్తడమే కష్టమైంది. కట్టెల అడితిలో కావలి పనికి కుదిరాడు.

మామ దగ్గర సీసం కొనే సేటు ఊరుకుంటాడా... కడాయిని మా గల్లీ చివర రిక్షా తొక్కే బాలయ్య ఇంట్లో పెట్టించాడు. బాలయ్యకు ఇద్దరు చిన్నపిల్లలు.

వాళ్లు పొయ్యి రాజేయబోయే పొద్దున, యాదమ్మత్త సరితను ఎత్తుకుని వెళ్లి వాళ్ల గడపలో కూర్చుంది. పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకుంది. గల్లీ అంతా పోగైంది.

బాలయ్య భార్య బయటికి వచ్చింది. "ఏందక్కా, గిట్ల కూసున్నవు?"

"ఏం లేదు చెల్లె. నా బిడ్డెను జర నిమ్మళంగ చూడు. చూసినంక పొయ్యి అంటువెట్టుకో."

ఆమె చూసింది. వాలిపోయిన మెడను, కారుతున్న చొంగను, ఎటో చూస్తున్న కళ్లను... లోపలికి పోయి, కుండెడు నీళ్లు తెచ్చి పొయ్యిలో గుమ్మరించింది.

మా గల్లీలో మళ్లీ సీసం కరగలేదు. కానీ సేటు పని ఆగలేదు. కడాయి పురానాపూల్ అవతల, మూసీ ఒడ్డు గుడిసెల్లోకి పోయిందని విన్నాం. అక్కడికి కూడా పోవాలని యాదమ్మత్త సిద్ధపడింది. ఆ వానాకాలమే సరితకు మళ్లీ ఫిట్స్ వచ్చాయి. ఈసారి ఆసుపత్రి దాకా కూడా ప్రాణం నిలవలేదు.

యాదమ్మత్త ఇక ఎక్కడికీ పోలేదు.

ఇప్పుడు బ్యాటరీలు వేయడానికి వేరే డబ్బాలున్నాయి. ఏది ఎందులో వేయాలో మా మనవరాలు నాకు చెబుతుంది. పాత ఫోన్లు, బల్బులు, సెల్లు తీసుకెళ్లి అందులో వేసి వస్తాం. అవి అక్కడి నుంచి ఎక్కడికి పోతాయో, ఎవరి వాకిట్లో తెరుచుకుంటాయో... అడిగితే సరిగ్గా చెప్పేవాళ్లు మాత్రం ఇప్పటికీ దొరకలేదు.

మీ గల్లీలో కూడా ఇలాంటి పొయ్యి ఉండేదా? దాని చుట్టూ ఆడుకున్న పిల్లల్లో ఎవరైనా గుర్తున్నారా?

పేరు ఒక్కటి గుర్తున్నా సరే... కింద రాయండి.