సుగుణమ్మక్క చెప్పబోయిన మాట

సుగుణమ్మక్క తన ఆఖరి శుక్రవారం ఉపవాస ప్రార్థనలో లేచి నిలబడి, అందరినీ చిరునవ్వుతో ఒకసారి కలియజూసి, దేవుణ్ణి అడగవలసింది ఇంకేమీ లేదన్నట్టు ప్రశాంతంగా కూర్చుందని చెప్పుకుంటున్నారు. సమాధి దగ్గర చెప్పారు. జ్ఞాపకార్థ కూడికలో మళ్ళీ చెప్పారు. నోరు మారినప్పుడల్లా ఆ చిరునవ్వు కొంచెం పెద్దదవుతోంది. ఆ రోజు చాప మీద ఆమె పక్కన కూర్చున్నదాన్ని నేను. ఆమె నవ్వలేదు. ప్రశాంతంగానూ కూర్చోలేదు. మాట్లాడడానికి లేచింది. మాట నోట్లో ఉండగానే పాట ఎత్తుకున్నారు. కూర్చుంది. జరిగింది ఇంతే.

సంఘ పత్రికకు ఈ సంస్మరణ రాయమని పాస్టరయ్య నన్నే అడిగారు. "నలుగురికీ ప్రోత్సాహం కలిగేటట్టు రాయండమ్మా, కలానికి కొంచెం కళ్ళెం వేసి" అన్నారు. ప్రోత్సాహం కలిగేటట్టే రాస్తాను. కళ్ళెం సంగతి మాత్రం నేను మాట ఇవ్వలేదు.

ఆ శుక్రవారం తర్వాతి మంగళవారం పొద్దున హోసూరులో మా కంపెనీ ఆఫీసులో అప్పుడే కుర్చీ లాక్కుని కూర్చున్నాను. సుగుణమ్మక్క కూతురు గ్రేసు ఫోన్ చేసింది. "చిన్నమ్మా, అమ్మ అంగట్లోనే పడిపోయింది. లేపితే లెయ్యలేదు" అంది. ఆ వాక్యాన్ని నా బుద్ధి లోపలికి రానివ్వలేదు. "నీళ్ళు చల్లినారా?" అని ఆ పిల్లను గద్దించాను. జూజువాడి చెక్‌పోస్టు దగ్గర ఆమె రేకుల హోటలు చేరేసరికి దోసె పెనం కింద మంట ఆర్పేశారు, పెనం మాత్రం ఇంకా వేడిగానే ఉంది. లారీ డ్రైవర్లు చెప్పులు బయట విడిచి, తలలు వంచుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళలో ఒక పెద్దాయన నన్ను చూసి, "నిన్న సాయంత్రం కూడా నన్ను తిట్టి రెండో ముద్ద పెట్టిందమ్మా" అని కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తర్వాత నేను విన్న సంతాప వాక్యాలు అనేకం. వాటిలో ఆమె కనిపించింది ఆ ఒక్కదానిలోనే.

జ్ఞాపకార్థ కూడికకు కట్టిన ఫ్లెక్సు చూసిన వాళ్ళకు నా బాధ అర్థమవుతుంది. ఆమెకు ఉన్న ఫొటోలు తక్కువ. అన్నింటిలోనూ ముఖం చిట్లించుకునే ఉంటుంది. అందుకని ఫ్లెక్సు వేసినవాడు పెదవుల కొసలు రెండూ పైకి లాగి నవ్వు తెప్పించాడు. "బతికున్నప్పుడు ఎవరూ చేయలేని పని వీడు కంప్యూటర్లో చేసినాడు" అని నేనంటే ముందు వరుసలో వాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. చూడనీ. ఆమె నవ్వదని కాదు. నవ్వితే పళ్ళన్నీ కనిపించేటట్టు, తల వెనక్కి వేసి, ఎదుటివాళ్ళ భుజం మీద ఒకటి చరిచి నవ్వేది. మర్యాద కోసం నవ్వడం మాత్రం ఆమెకు చేతకాలేదు.

కుందారపల్లిలో గొర్రెలు మేపుకునే ఇంట పుట్టి, లారీ డ్రైవరు చేయి పట్టుకుని జూజువాడికి వచ్చిన మనిషి. మందిరానికి తీసుకొచ్చింది ఆ భర్తే. ఆయన హైవే మీద ప్రమాదంలో పోయినప్పుడు గ్రేసు ఇంకా చంకలో ఉంది. ఆ కాలంలో మా శుక్రవారం కూడికలో లేచినవాళ్ళెవరైనా జయం చెప్పాలి; జ్వరం తగ్గిందనో, ఉద్యోగం వచ్చిందనో సాక్ష్యమిచ్చి, అందరి చేతా స్తోత్రం అనిపించుకుని కూర్చోవాలి. భర్త పోయిన కొత్తలో సుగుణమ్మక్కను కూడా లేపారు. "దేవుడు నిన్ను ఎట్లా ఆదరించినాడో చెప్పమ్మా" అన్నారు. ఆమె లేచి, పాపను భుజం మార్చుకుని, "ఆదరణ ఇంకా రాలేదప్పా. వస్తే నేనే లేచి చెప్తా" అని కూర్చుంది. మందిరం బిగుసుకుపోయింది. తర్వాతి శుక్రవారమూ అదే మాట. ఆ తర్వాతా అదే. అవిశ్వాసమని కొందరు, పొగరని కొందరు అన్నారు. ఒకరోజు మాత్రం ఎవరూ అడగకముందే లేచింది. "ఈ వారం ఒక రాత్రి నిద్ర పట్టింది. అంతే వచ్చింది. వచ్చినంతవరకు స్తోత్రం" అంది. ఆనాడు మందిరంలో ఏడ్చినంతగా నేను ఎన్నడూ ఏడవలేదు. ఏ మహాద్భుతం విన్నప్పుడూ ఏడవలేదు.

శుక్రవారం కూడికలో స్త్రీలకు ఆమె పెద్దయిన తర్వాత ఆ మాటే ఒక ఆచారమైంది. జయాలు చెప్పేవాళ్ళు ఆగాలి. ప్రార్థన ఇంకా నెరవేరనివాళ్ళు ముందు లేవాలి. "ఇంకా రాలేదు" అని, ఏది రాలేదో పేరు పెట్టి చెప్పాలి. ఎవరూ సలహా చెప్పకూడదు, వచనం ఎత్తి సరిదిద్దకూడదు, పాట అసలే ఎత్తకూడదు. చెప్పినావిడ కూర్చున్నాక అందరం "విన్నాము" అనాలి. చూడడానికి చిన్న ఏర్పాటు. కానీ కోడలి మీద అత్త, సూపర్వైజరు మీద ఫ్యాక్టరీ పిల్ల, దేవుడి మీద పిల్లలు లేని ఇల్లాలు, తమ దుఃఖాన్ని జయంగా వేషం మార్చకుండా నిలబెట్టగలిగిన స్థలం ఈ చుట్టుపక్కల నాకు తెలిసి అదొక్కటే.

బయట నుంచి వచ్చిన ప్రసంగీకులకు ఇది నచ్చేది కాదు. ఇశ్రాయేలీయులు అరణ్యంలో సణిగి ఏం బావుకున్నారో ఒకాయన ఆమెకు గంటసేపు బోధించాడు. ఆమె శ్రద్ధగా విని, "సణుగుడు వేరు, మొర వేరు స్వామీ. సణుగుడు వీపు వెనకాల. మొర ముఖం ముందర. మా ఆడోళ్ళకు నేను నేర్పిస్తా ఉండేది రెండోది" అంది. ఆయనకు కాఫీ ఇచ్చి, చక్కెర ఎక్కువ వేసి పంపింది. దృక్పథం గురించి, పట్టుదల గురించి, వ్యక్తిత్వ వికాసం గురించి నేను విన్న ప్రసంగాలు తక్కువేమీ కావు. ఆ మూడింటినీ కలిపి ఇంత పొట్టిగా చెప్పినవాళ్ళు నాకు తారసపడలేదు.

ఆమె నిరాశావాది అనుకునేవాళ్ళు లక్కమ్మ చేను సంగతి వినాలి. లక్కమ్మది డెంకణికోట పక్కన అడవి అంచు ఊరు. కోతకొచ్చిన రాగి చేనులో ఏనుగులు పడ్డాయని తెలిసి మేము కొందరం వెళ్ళాము. చేను చాప పరిచినట్టు ఉంది. మాతో వచ్చిన ఒకావిడ లక్కమ్మ భుజం నిమిరి, "అన్నీ మన మేలుకే జరుగుతాయమ్మా" అంది. సుగుణమ్మక్క గిరుక్కున తిరిగింది.

"ఏనుగు తొక్కిన చేన్లో నిలబడి మేలంటావేమమ్మా? మేలు యాడుండాది, చూపించు. నేనూ చూస్తా."

అక్క చీర కుచ్చెళ్ళు పైకి దోపి, తొక్కుడు పడని వెన్నులు ఏరడం మొదలుపెట్టింది. మేమూ వంగక తప్పలేదు. ఆఫీసు చెప్పులతో వెళ్ళినదాన్ని, నా అవస్థ చూసి, "బి.కాం. చదివినావు, వంగేది నేర్పలేదా ఆడ?" అని ఎగతాళి చేసింది. పొద్దు వాలేదాకా ఏరాము. మేము వెళ్ళబోతుంటే లక్కమ్మ, "ఉలవలు చల్లితే వస్తాయేమో అక్కా" అంది. "వస్తాయో రావో నాకు తెలీదు. ఇత్తనాలు మాత్రం తెస్తా" అంది సుగుణమ్మక్క. తెచ్చింది కూడా. ఆదరణ అంటే ఇదని ఆ రోజు నాకు తెలిసింది. లక్కమ్మ ఆ తర్వాత బస్సు మారి మరీ ప్రతి శుక్రవారం రాసాగింది.

నా విషయానికొస్తే, నా నోరు నాకు చాలా చేటు చేసింది. ఆఫీసులో నాకు రావలసిన స్థానం నా తర్వాత చేరిన మగవాడికి ఇచ్చినప్పుడు, ఇంక రాదని తీర్మానించుకుని, రాజీనామా రాసుకుని ఆమె హోటలుకు వెళ్ళాను. ఇడ్లీ పిండి రుబ్బుతూ వినింది. "రాదు అని చెప్పేదానికి నీకెవరిచ్చినారు అధికారం? వచ్చేసింది అని అబద్ధమాడేదానికీ అధికారం లేదు. మధ్యలో ఉండేదే మన చోటు. ఆడ నిలబడు. నిలబడి గట్టిగా అడుగు" అంది. అడిగాను. రెండేళ్ళు కొట్లాడాను. ఆ స్థానం వచ్చింది. రాకపోయినా ఆ మాట అబద్ధమయ్యేది కాదని ఆమే నాకు గుర్తు చేసి, నా సంబరం మీద కాసిన్ని నీళ్ళు చల్లింది.

ఇక ఆ శుక్రవారం.

ఆ రోజు విజయ జీవితం మీద మాట్లాడడానికి ఒక ప్రసంగీకుణ్ణి పిలిపించారు. కోటు, మైకు, చక్కని ముఖవర్చస్సు. మన ముఖాలే మన విశ్వాసానికి అద్దాలని, దిగులు మాట నోట రానివ్వకూడదని ఉత్సాహంగా చెప్పాడు. చెప్పవలసింది చెప్పాక, "ఇప్పుడు సాక్ష్యాలు, సంతోషంగా!" అన్నాడు. మా ఆచారం ఆయనకు తెలియదు. తెలిసినవాళ్ళు నోరు విప్పలేదు. అప్పుడు సుగుణమ్మక్క నా భుజం మీద చేయి ఆనించి లేచింది. ఆ చేయి బరువు నాకు ఇప్పటికీ తెలుస్తోంది. అందరి మొరా వినిన మనిషి, కూడికకు పెద్దయిన నాటినుంచి తన మొర ఎన్నడూ చెప్పని మనిషి, "నాకు ఇంకా..." అంది.

అంతే. సంతోషం చెడుతుందని భయపడ్డాడో, ముసలావిడ సాక్ష్యం సాగదీస్తుందనుకున్నాడో, ప్రసంగీకుడు చప్పట్లు కొడుతూ పాట ఎత్తుకున్నాడు. కీబోర్డు అందుకుంది. మందిరమంతా అందుకుంది. మా మందిరాల్లో సాక్ష్యం పొడుగైతే పాటతో కూర్చోబెట్టడం ఒక మర్యాద. ఎవరికీ తప్పు చేసినట్టు ఉండదు, దేవుణ్ణి స్తుతించినట్టే ఉంటుంది. ఆమె కాసేపు నిలబడింది. తర్వాత గోడ పట్టుకుని కూర్చుంది. దాన్నే ఇప్పుడు ప్రశాంతత అంటున్నారు.

బస్టాపుకు నడుస్తూ పట్టుబట్టాను. ఆమె నడక ఆ రోజు నిదానంగా ఉంది.

"ఏం చెప్పాలని లేచినావక్కా?"

"పాట బాగుండాది కదమ్మా. ఆ అబ్బికి గొంతు బాగుండాది."

"పాట సంగతి అడగలేదు. నీకు రానిదేంది? చెప్పు, నేనొక్కదాన్నే ఉండాను."

"నీ ఒక్కదానికి చెప్తే గుసగుస అవుతాది. అందరి ముందర చెప్పాల. వచ్చే శుక్రారం చెప్తా, నువ్వేం తొందరపడొద్దు."

"ఆయప్ప మళ్ళీ పాట ఎత్తితే?"

"ఎత్తనీ. పాట యాడికి పోతాది, ఎప్పుడో ఒకప్పుడు అయిపోవాల్సిందే కదా. నేను నిలబడే ఉంటా."

వచ్చే శుక్రవారం దాకా ఆమె లేదు.

గ్రేసును అడిగాను. "మాకేమీ చెప్పలేదు చిన్నమ్మా. ఎడమ చేయి లాగుతా ఉందని మాత్రం ఒకసారి అనింది, పిండి రుబ్బినందుకు అనుకున్నాము" అంది. ఆ మాట విన్నప్పటినుంచి నాకు అన్నం సహించడం లేదు. ఆమె చెప్పబోయింది ఒంటి బాధేనా? అది వినివుంటే, మా కూడికలో ఆస్పత్రి నర్సులే ఇద్దరున్నారు, వాళ్ళలో ఒకరైనా ఆమెను లాక్కుపోయేవాళ్ళు కాదా? కాక, కూతురి పెళ్ళి గురించా? భర్త గురించా? ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ ఆదరణ పూర్తిగా రాలేదనా? నాకు తెలియదు. తెలిసినట్టు రాసే హక్కు ఈ పత్రికలో ఎవరికీ లేదు.

పాస్టరయ్యా, మీ మీద గౌరవంతోనే అంటున్నాను. ఆమె పోయాక జరిగిన మొదటి శుక్రవారం లక్కమ్మ లేచి "ఇంకా రాలేదు" అనబోతే, "సుగుణమ్మగారిలా సంతోషంగా ఉండాలమ్మా" అన్నారు ముందు వరుసవాళ్ళు. మీరు కాదనలేదు. లక్కమ్మ కూర్చుంది. తర్వాతి శుక్రవారం రాలేదు. ఫోన్ చేస్తే, "ఆడ ఇప్పుడు వినేవాళ్ళు లేరు కదక్కా, బస్సు మారి ఎందుకు?" అంది. సుగుణమ్మక్క పేరు చెప్పి సుగుణమ్మక్క తెరిచిన తలుపునే మూశాము. ఆమెకు కట్టిన ఫ్లెక్సు కన్నా ఇది పెద్ద అబద్ధం. ఆమెను గౌరవించాలని నిజంగా ఉంటే ప్రార్థన నెరవేరనివాళ్ళకు ఆ మొదటి వంతు మళ్ళీ పెట్టండి. లక్కమ్మను తీసుకొచ్చే పూచీ నాది.

అటువంటి మనిషి మళ్ళీ దొరకదని అందరూ రాస్తారు. నేనూ రాస్తున్నాను, ఎందుకంటే ఈసారి అది నిజం. ఓర్పు అంటే నోరు మూసుకోవడం కాదని తన జీవితమంతా నిలబడి చూపిన తల్లికి, నిష్ఠూరంలో కూడా దేవుడి ముఖం వైపే తిరిగి ఉన్న విశ్వాసికి, నాకు వంగడం నేర్పిన అక్కకు తల వంచి నమస్కరిస్తున్నాను. కానీ పాట అయిపోయి చాలా సేపయింది. మేమంతా ఇక్కడే కూర్చుని ఉన్నాము, ఎవరూ చప్పట్లు కొట్టడం లేదు. ఇప్పుడు చెప్పక్కా, నీకు ఇంకా రానిది ఏమిటి?