దారంతో కుట్టిన పేజీలు

పెద్దమ్మ ట్రంకుపెట్టె మూత తీయగానే నాఫ్తలీన్ ఉండల వాసన గుప్పుమంది, ఆ వెనకే పాత కాగితం వాసన. ఆఫీసు నుంచి వచ్చి, వంట చేసి, నిలబడే ఓపిక కూడా లేని వేళ "కథల పుస్తకం చదువమ్మా" అని మా అమ్మాయి ప్రాణం తీస్తుంటే, ఇక్కడ తెనాలిలో కొన్న కొత్త పుస్తకాలన్నిట్లో బొమ్మలే తప్ప కథ లేదని విసుగొచ్చి ఈ పెట్టె తీశాను. బాతుపిల్లల బొమ్మ ఉన్న పుస్తకం అడుగున దొరికింది.

ఎనభైల్లో, నాకు ఊహ తెలిసీ తెలియని వయసులో అమ్మ పోతే, బాపట్లలో టీచరుగా ఉన్న పెద్దమ్మ, అంటే అమ్మకి అక్క, నన్ను తీసుకెళ్ళి పెంచింది. నాన్న రేపల్లెలోనే ఉండిపోయారు. సెలవులకు నన్ను ఆయన దగ్గర దింపడానికి వెళ్తూ, వేసవిలోనైతే చేతిలో తాటిముంజల సంచీతో, క్రిస్మస్‌కైతే చంకలో కజ్జికాయల డబ్బాతో తెనాలిలో రైలు మారేవాళ్ళం. ఆ కాస్త వ్యవధిలోనే పెద్దమ్మ స్టేషను బయట పాత పుస్తకాల కొట్టుకి నడిచి, ఏ పుస్తకాన్నయినా మొదటి అక్షరం నుంచి చివరిదాకా నిలబడి చదివాకే కొనేది.

"ఏంటి టీచరుగారూ, మొత్తం ఇక్కడే చదివేస్తే ఇంటికెళ్ళి ఏం చేస్తారండి?" అనేవాడు కొట్టాయన.

"పిల్లకి చదివి వినిపించేది నేను కదండి. ముందు నాకు తెలియాలిగా."

ఒక్కసారి మాత్రం రేపల్లె రైలు కూత వేసిందని, సగమే చదివిన బాతుల పుస్తకం కొనేసింది. మర్నాడు నాన్న ఇంటి వసారాలో, వామనగుంటల పీట పక్కకి నెట్టి నేను ఒళ్ళో చేరితే, చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయింది. మంచినీళ్ళు తాగొస్తానని లేచిన మనిషి మళ్ళీ ఆ పూట పుస్తకం ముట్టలేదు. బాపట్ల తిరిగి వెళ్ళాక చూస్తే, అక్కడి ఎదురెదురు పేజీలు రెండూ అంచుల వెంట తెల్లదారంతో కుట్టేసి ఉన్నాయి.

"ఇదేంటి పెద్దమ్మా?"

"అక్కడ అచ్చు బాగోలేదులే. నేను చెప్తాగా."

చెప్పేది. ఆ కుట్టు దగ్గరికి రాగానే పుస్తకం బోర్లించి, గోంగూర ఆకు దూస్తూనో నా జడ అల్లుతూనో, తల్లిబాతు పొన్నూరు సంతకెళ్ళిందని ఒకసారి, కాలవలో పడవెక్కిందని ఇంకోసారి, రోజుకో సంగతి. ఆ కుట్టు కోసమే నేను ఆ పుస్తకం పట్టుకెళ్ళేదాన్ని. విప్పి చూడాలని ఒక్కనాడూ అనిపించలేదు.

కుట్టు సంగతి చెబితే ఇవాళ మా అమ్మాయి ఊరుకోలేదు. బ్లేడుతో దారం తెంపాను. ఉన్నవి నాలుగు వాక్యాలు, తల్లిబాతు జబ్బుచేసి చచ్చిపోవడం. పిల్లలకు చెప్పాల్సినట్టే చెప్పారు, వంక పెట్టడానికి లేదు. అచ్చు బాగోలేకే కుట్టిందనుకున్నాను ఇన్నేళ్ళూ. చెల్లెలి చావు పైకి చదవలేక కుట్టిందని ఇప్పుడు తెలిసింది. నేనూ పుస్తకం బోర్లించాను.

"మరి అమ్మమ్మ ఇక్కడ ఏం చెప్పేది?" అంది అమ్మాయి. పెద్దమ్మే దానికి అమ్మమ్మ.

సంతకెళ్ళిన బాతు ఏం కొందో, పడవ ఎక్కడ ఆగిందో, ఎంత తల కొట్టుకున్నా గుర్తు రాలేదు. అన్ని కథలు విన్నదాన్ని, ఒక్కటీ నా దగ్గర మిగల్లేదు. చెప్పిన మనిషీ లేదు.

అమ్మాయి నా మొహం వంక చూసి, లేచి వెళ్ళి సూదీ దారం తెచ్చింది.

"మళ్ళీ కుట్టెయ్ అమ్మా. నువ్వు చెబుదువుగాని."