బయటి గడియ: గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా ఒక కొట్టం కోసం

ఎద్దు వీపు మీద చెయ్యి పెట్టి మా అన్న ఒకప్పుడు మాట ఇచ్చాడు. "ఇగ రాత్రిపూట కొట్టానికి బయట గడియ పెట్టను, పో బాలయ్యా" అన్నాడు. అప్పుడు నాకు పదహారేళ్లు. వనపర్తి హాస్టల్ నుంచి సెలవులకు ఇంటికి వచ్చి ఉన్నాను, పక్కనే నిలబడి విన్నాను. బాలయ్య మా ఇంటి జీతగాడు. పగలంతా సేద్యం చేసి రాత్రి ఎద్దులతో పాటు కొట్టంలోనే పడుకునేవాడు. అతనికి కొత్తగా పెళ్లయింది. ఇంటికి పారిపోతే తెల్లవారుజామున ఎద్దులకు మేత వేసే దిక్కుండదని, అన్న రోజూ పొద్దుగూకగానే తలుపు మూసి బయటి నుంచి అడ్డగడియ వేసేవాడు. బాలయ్య బతిమాలుకుంటే ఆ మాట ఇచ్చాడు. నేను హాస్టల్‌కు తిరిగి వెళ్లిన కొన్నాళ్లకే కొట్టం తగలబడింది. రెండు ఎద్దులూ బాలయ్యా లోపలే కాలిపోయారు.

ఊళ్లో నిలిచిన కథ వేరు. బాలయ్య తాగి, లోపలి నుంచి గడియ పెట్టుకొని, బీడీ ఆర్పకుండా నిద్రపోయాడట. ఆ కథ మా అన్న చెప్పింది. ఈమధ్య మనవడి పెళ్లి భోజనాల దగ్గర కూడా నవ్వుతూ చెప్పాడు. కొట్టానికి లోపల గడియే లేదు కదా అన్నాను. "నువ్వు పుస్తకాలల్ల తలకాయ పెట్టి కూసుంటివి, కొట్టం సంగతి నీకేమెరుక?" అన్నాడు. బంతిలో అందరూ నవ్వారు. నా ప్రయాణం ఆ నవ్వు నుంచి మొదలైంది.

ఉద్యోగం మానేశాక నేను చెక్క మీద బొమ్మలు చెక్కడం నేర్చుకున్నాను. పెళ్లి నుంచి వచ్చిన మర్నాడే ఒక మూరెడు టేకు పలక తీసి, మా కొట్టాన్ని చెక్కడం మొదలుపెట్టాను. మట్టి గోడలు, మధ్యలో కప్పును మోసే నిట్రాడు, మేత వేసే గాడి, అటకమీద జొన్నసొప్ప, గుంజకు వేలాడే కాడి, మూలన బాలయ్య గొంగడి, అన్నీ వచ్చాయి. ఒక గోడను సగం తెరిచినట్టు వదిలి లోపలంతా కనబడేలా చేశాను. తలుపు దగ్గరకు వచ్చేసరికి ఉలి ఆగిపోయింది. లోపల గడియ లేదని నమ్మకం ఉంది కానీ, చూసినట్టు గుర్తు లేదు. యాభై ఏళ్ల కిందటి జ్ఞాపకంతో ఒక మనిషి మీద నింద వేయకూడదు, అది మా అన్నే అయినా సరే. మా కొట్టం కట్టిన వడ్రంగే అమరచింత దాటాక మరో పల్లెలో అచ్చం అలాంటిదే కట్టాడని, అది ఇంకా నిలబడి ఉందని పాత స్నేహితుడొకాయన చెప్పాడు. దాన్ని చూసి, తలుపు చెక్కి, పలకను అన్న ఇంట్లో గోడకు తగిలించి రావాలన్నది నా పథకం.

కాచిగూడలో పొద్దున బండి ఎక్కితే ఎండ ముదరకముందే గద్వాలలో దిగవచ్చు. ఇక్కడికి వచ్చేవాళ్లు కోట చూస్తారు, చీరలు కొంటారు. నేను తువ్వాలులో చుట్టిన పలకను సంచిలో వేసుకొని ఆటో వాళ్లను కొట్టం గురించి అడుగుతుంటే వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆత్మకూరు, అమరచింతలకు బస్సులున్నాయి కానీ ఆపైన పల్లెకు పూటకొకటి కూడా లేదు. ఖాజా అనే ఆయన ఎనిమిది వందలకు ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక జాలిపడ్డాడు. "కొట్టం చూడనీకి ఎనిమిది వందలా సార్? మా మామ ఇంటెన్క ఉన్నది, ఉత్తగనే చూపిస్త" అన్నాడు.

జూరాల ఆనకట్ట మీదుగా కృష్ణ దాటాలి. చైత్రమాసం కాబట్టి గేట్ల కింద నీళ్లు తక్కువ, బండలు ఎక్కువ. నల్లటి ఆ బండలు మోకాళ్లు మడిచి పడుకున్న పశువుల్లా ఉన్నాయి, వందల కొద్దీ, అన్నీ ఒకే వైపు తిరిగి. గాలి లేదు. అమరచింతలో ఆగి టీ తాగి మిర్చీలు తిన్నాం. మధ్యాహ్నం భోజనం కావాలంటే ఇక్కడే కానివ్వాలి, ముందుకు వెళితే ఏమీ దొరకదు.

ఆ పల్లెలో కొట్టం గల ఇంటి ముసలామె పేరు రంగమ్మ. కొడుకు పొలానికి పోయాడు. ఆమెకు చెవులు సరిగా వినబడవు. సైగలతో అడిగితే సైగతోనే పొమ్మంది. ఖాజా నీళ్ల సీసా నింపుకోవడానికి వెళ్లాడు. నేను ఒక్కణ్ణే కొట్టం వెనక్కి నడిచి, అడ్డగడియ పక్కకు జరిపి, తలుపు తోసి లోపలికి వెళ్లాను.

మిట్టమధ్యాహ్నం కూడా లోపల చీకటే. చాలాకాలంగా పశువులు లేని చోటని చూడగానే తెలుస్తోంది. గాడి నిండా దుమ్ము, సాలెగూళ్లు. అయినా లోపల వెచ్చగా, పశువు పక్కనే ఊపిరి విడిచినట్టు ఉంది. నేను నిట్రాడు మీద పగ్గాల ఒరిపిడి గీతలు చూస్తుండగా వెనక వెలుతురు సన్నబడింది. తలుపు మూసుకుంది. తర్వాత గడియ పడిన చప్పుడు వినిపించింది. అది గాలి చేసే పని కాదు.

పిలిచాను. తలుపు సందులోంచి తెల్ల చీర కొంగు దూరంగా పోవడం కనిపించింది. ఇంకోసారి పిలిచాను. తర్వాత వచ్చిన పని గుర్తొచ్చి, తలుపు లోపలి వైపంతా అరచేత్తో తడిమాను. పైనుంచి కింద దాకా, ఈ చెక్క నుంచి ఆ చెక్క దాకా. గడియ లేదు, గడియ ఉండి పోయిన రంధ్రం లేదు, కొక్కెం లేదు. ఛాతీ ఎత్తులో మాత్రం చెక్క నునుపుగా, కొద్దిగా లోతుగా అరిగి ఉంది. లోపలి నుంచి చాలాసార్లు, చాలా ఏళ్లు తోస్తేనే చెక్క అలా అరుగుతుంది. ఆ గుంటలో నా చెయ్యి సరిగ్గా పట్టింది. వెంటనే తీసేశాను. అప్పుడు గాడి వైపు నుంచి నెమరు వేస్తున్న చప్పుడు విన్నాను. మెల్లగా, తొందర లేకుండా. దయ్యాల గురించి చాలా పుస్తకాలు చదివాను, ఒక్కదాన్నీ నమ్మలేదు. ఆ చప్పుడు వైపు మాత్రం తిరిగి చూడలేదు.

ఖాజా వచ్చి గడియ తీశాడు. అతని ముఖం బాగాలేదు. "లోపల బర్లున్నయా సార్? నెమరేస్తుంటే బయటికి ఇనొచ్చింది" అన్నాడు. రంగమ్మ నన్ను చూసి సిగ్గుపడింది. "తెర్సున్న కొట్టం కనవడితే నా చెయ్యి ఊకుంటదా నాయనా? ఎడ్లు లేక ఎన్నేండ్లాయె, అయినా రోజు ఏస్తనే ఉంట" అని తన చేతిని తనే చూసుకుంది.

దారిలో ఆ మాటే ఆలోచించాను. మా అన్న చెయ్యి కూడా ఊరుకోలేదేమో, మరిచిపోయి వేశాడేమో అని అతని తరఫున వాదించడానికి నిజాయితీగా ప్రయత్నించాను. వాదన నిలబడలేదు. అలవాటని తెలిసే కదా బాలయ్య మాట అడిగింది, ఇచ్చినవాడు ఇచ్చింది. పోనీ, మరిచిపోయి వేసినవాడు వేశానని చెప్పవచ్చు. లేని గడియను చచ్చినవాడి చేత లోపల వేయించడం అలవాటు కాదు.

అమరచింత నుంచి కొత్తకోట మీదుగా బస్సులో వనపర్తి చేరాను. బస్టాండు దగ్గర లాడ్జిలో గది ఆరు వందలు, ఫ్యాను బాగా తిరిగింది. మా అన్న ఇల్లు అక్కడికి దగ్గరే. వెళ్లలేదు. వెలుతురు ఉండగానే కిటికీ దగ్గర కూర్చొని తలుపు చెక్కాను, దానికి అడ్డంగా అగ్గిపుల్లంత బయటి గడియ చెక్కాను. పని చక్కగా కుదిరింది. కుదిరిన క్షణం నుంచి ఆ తలుపు వెనక ఎవరో ఉన్నట్టు తోచింది. అక్కడ ఉన్నది రెండంగుళాల టేకు మాత్రమే అని నాకు తెలుసు. అయినా పలకను గోడ వైపు తిప్పి పెట్టాను.

అన్న గోడకు తగిలించే ముందు బాలయ్య భార్య చెన్నమ్మకు చూపించాలనుకున్నాను. ఆమె నాగర్‌కర్నూల్‌లో చెల్లెలి కొడుకు ఇంట్లో ఉంటుంది. వనపర్తి నుంచి గోపాల్‌పేట మీదుగా బస్సులో పొద్దున్నే బయలుదేరితే ఎండకు ముందే చేరవచ్చు. తాగుబోతు పెండ్లామని ఇన్నేళ్లు అనిపించుకున్న మనిషి ఆమె. రుజువు తెచ్చానని గర్వంగా వెళ్లాను, దాచుకోను.

వాకిట్లో నీడకు కూర్చోబెట్టి, పలకను ఆమె ఒళ్లో పెట్టాను. చెన్నమ్మ గాడిని, గొంగడిని వేలితో ముట్టి చూసింది. తలుపు దగ్గర వేలు ఆగింది. లోపల గడియ లేదని తేల్చుకుని వచ్చానని, దీన్ని అన్న ఇంట్లో పెడతానని చెప్పాను.

"లోపల గడియ లేదని నాకు తెల్వదా చిన్నపటేలా?" అంది. "తలుపు సందుల్లకెళ్లి రొట్టె చుట్టి అందిచ్చేది నేనే గదా."

తర్వాత పలకను నా వైపు తిప్పింది.

"ఆయన ఇప్పుడు లోపల్నే ఉన్నడా?"

గొంగడి చెక్కాను కదా, ఉన్నట్టే అన్నాను.

"మరి ఇంకోసారి బయట గడియ పెడ్తివేంది?"

గట్టిగా అనలేదు. వంట గదిలో గిన్నె ఎందుకు బోర్లించలేదని అడిగినట్టు అడిగింది. నేను సంచిలోంచి ఉలి తీశాను. గడియను కొసలనుంచి మెల్లగా చెక్కేశాను. అది పొట్టుపొట్టుగా ఆమె ఒళ్లో రాలింది. ఆమె దాన్ని కొంగుతో దులుపుకుని, పలక తీసుకుని ఇంట్లోకి పోయింది. పోతుంటే, చెక్కిన తలుపు మీద గడియ ఉన్న చోట టేకు లేతగా, కొత్త చర్మంలా కనిపిస్తూ ఉండింది. పలక మళ్లీ నాకు ఇవ్వలేదు, నేనూ అడగలేదు.

తిరుగు బస్సులో నా చేతులు ఖాళీ. అన్నకు చూపించాల్సిన రుజువు ఇప్పుడు ఆమె ఇంట్లో ఉంది, అందులో రుజువు లేదు. న్యాయం అంటే ఉన్నది ఉన్నట్టు చెక్కడమే అని ఎన్నో పుస్తకాలు చదివి నమ్మినవాణ్ణి. లోపల ఉండిపోయిన మనిషికి ఉన్నది ఉన్నట్టు ఎంత బరువో వాటిలో ఏదీ చెప్పలేదు. ఆమె వద్దన్న చోట నేను చెక్కను. కానీ రాయవద్దని ఆమె అనలేదు. మీరు ఇటువైపు పాత కొట్టాలు చూడటానికి వెళితే, ఒక మనిషిని తలుపు బయట నిలబెట్టండి. మనిషి లేకపోతే అడ్డగడియను పూర్తిగా ఊడదీసి, చేత పట్టుకునే లోపలికి వెళ్లండి. ఇక చెక్క మీద లేనిది ఇక్కడ రాస్తున్నాను. ఆ రాత్రి బయట గడియ పెట్టినవాడు మా అన్న కిష్టారెడ్డి.