దీపం మీద తుంపర

లాయ్ గ్వోక్‌చ్యూన్ ఎవరింటికి వెళ్ళినా ముందు మనుషుల్ని చూసేవాడు కాదు. చేపల తొట్టి ఉందా అని చూసేవాడు. ఉంటే దాని పైనున్న దీపం చూసేవాడు. ఆ దీపం మీద నీటి తుంపర పడుతోందని తెలిసిందంటే ఇక ఆ ఇంటివాళ్ళకు మనశ్శాంతి ఉండేది కాదు.

కౌలూన్ చేపల వీధిలో ఆయనది చిన్న దుకాణం. గాలి పంపులూ గొట్టాలూ స్పాంజి ఫిల్టర్లూ అమ్మేవాడు. పంపు ఊదిన గాలి ఫిల్టరు గొట్టంలోంచి బుడగలుగా పైకొచ్చి నీటి మీద పగులుతుంది. పగిలినప్పుడల్లా సన్నని తుంపర లేచి పైనున్న ట్యూబులైటుకు తగులుతుంది, ఆరి తెల్లటి పొర కడుతుంది. మామూలు కంటికి అది ఆనదు. లాయ్‌కి మాత్రం ఎదుటివాడి మూతికి మెతుకు అంటుకున్నంత స్పష్టంగా కనిపించేది. ఆ పొర తుడవడానికి జేబులో వెనిగర్ సీసా పెట్టుకుని తిరిగేవాడు. అందుకని ఆయన రాకముందే ఆయన వాసన వచ్చేది.

ఒకసారి క్షవరం చేయించుకుంటూ, ఒక చెంప నిండా నురగతో, మెడకు కట్టిన గుడ్డతో సహా లేచి, అక్కడి తొట్టి దీపం అందుకోవడానికి కుర్చీ ఎక్కేశాడు.

"లాయ్ అన్నా, కూర్చో. నా చేతిలో కత్తి ఉంది," అన్నాడు మంగలి.

"ఉండనీ. ముందు ఆ గొట్టం కిందికి దించు. మూతి నీళ్ళలో మునిగీ మునగనట్టుండాలి. నీ చేపలేమైనా ఫౌంటెన్ కావాలని అడిగాయా?"

తొట్టి పక్కనే ముక్కాలిపీట మీద కూర్చునే మంగలి తల్లి పళ్ళు లేని నోటితో చాలాసేపు నవ్వింది. మేనకోడలి పెళ్ళిమాటలకు వెళ్ళినప్పుడూ ఇదే గొడవ. పెళ్ళికొడుకు తాతగారికి టీ అందించాల్సిన సమయంలో ఆ తాతగారి పక్కనున్న తొట్టిలోకి లాయ్ మోచేతిదాకా చెయ్యి పెట్టి కనిపించాడు. సంబంధం ఎలా కుదిరిందో మేనకోడలికి ఇప్పటికీ అర్థం కాదు.

ఆయనతో అందరికన్నా ఎక్కువ అవస్థ పడింది యుక్‌లిన్. భర్త పోయాక వీధి చివర గంజి అంగడిని ఒంటి చేత్తో నడుపుకొస్తున్న మనిషి. లాయ్ రోజూ పొద్దున్నే వచ్చి చేపముక్కల గంజి చెప్పేవాడు. ఆమె వెనక్కి తిరగ్గానే తొట్టి పంపుకున్న గాలి మర తగ్గించేవాడు. ఆయన వెళ్ళగానే ఆమె పెంచేది.

"బాబాయ్, నీళ్ళు గలగలమంటేనే బేరాలు వస్తాయి. నా వ్యాపారంలో వేలు పెట్టకు."

"గంజి బాగుంటే బేరాలొస్తాయి. నీళ్ళెందుకు తెస్తాయి?"

"అంటే నా గంజి బాగాలేదనా?"

"నేను దీపం గురించి మాట్లాడుతున్నాను."

ఆ తొట్టి ముందే యుక్‌లిన్ తండ్రి ఫంగ్ హోయ్‌షెంగ్ రోజంతా కూర్చునేవాడు. ఒకప్పుడు దుకాణాల పేర్ల బోర్డులు రాసిన చెయ్యి. చూపు మందగిస్తూ మందగిస్తూ ముందు నీలం పోయింది, తరవాత పచ్చ పోయింది. దీపం కింద ఈదే ఎర్ర చేపలు మాత్రం మిగిలాయి. కూతురికి ఆయన ముందే చెప్పేశాడు: "ఆ ఎరుపు కనిపించని రోజున నన్ను కొండవతల వృద్ధాశ్రమంలో దింపెయ్. మసిలే కుండల మధ్య గుడ్డివాణ్ణి పెట్టుకుని ఒక్కదానివి వేగలేవు. నేనే నీ మీద గంజి ఒలకబోస్తాను."

చెప్పి ఊరుకోలేదు. బట్టల సంచి సర్ది బల్ల కింద పెట్టుకున్నాడు. పొద్దున్నే ఆయన తొట్టి వైపు ముఖం తిప్పి "ఉన్నాయి" అనేదాకా యుక్‌లిన్‌కి పొయ్యి దగ్గర కాలు నిలిచేది కాదు.

ఆ ఏడు బేరాలు పడిపోయాయి. ఫెంగ్‌షుయి సిద్ధాంతి వచ్చి అంగడంతా కలయజూసి, తప్పు తొట్టిదేనన్నాడు. "నీళ్ళ మీద ఆ అద్దం మూత ఏమిటమ్మా? అదృష్టానికి మూత పెట్టినట్టే. తీసెయ్. గాలి పూర్తిగా వదులు. నీళ్ళు ఉరకాలి."

ఆ అద్దం లాయ్ పెట్టిందే. పడిన చుక్క మళ్ళీ నీళ్ళలోకే జారేటట్టు కాస్త ఏటవాలుగా పెట్టాడు. యుక్‌లిన్ దాన్ని తీసి గోడకు ఆనించింది. మర్నాడు లాయ్ అది చూసి ఏదో అనబోయాడు.

"వద్దు బాబాయ్. ఇక నా తొట్టి జోలికి రాకు. గంజి తాగితే తాగు, లేకపోతే లేదు."

లాయ్ గిన్నె పక్కకు జరిపి లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. నీళ్ళు ఉరికాయి. బేరాలు పెద్దగా పెరగలేదు గానీ, పెరుగుతున్నట్టే ఆమెకు అనిపించింది.

కొన్ని వారాలకు ఒక పొద్దున ఫంగ్ తొట్టి వైపు చూసి ఏమీ అనలేదు. దగ్గరికి జరిగి ముక్కు తొట్టికి ఆనించాడు.

"అమ్మాయ్, ఆశ్రమానికి ఫోను చెయ్యి," అన్నాడు మెల్లగా. "ఇవాళ లేవు."

యుక్‌లిన్ ఫోను చేతిలోకి తీసుకుంది. బల్ల కింద సంచి కోసం తండ్రి కాలితో తడుముకుంటున్నాడు. అంతలో వెనిగర్ వాసన వచ్చింది. వీధిలో పోతున్న లాయ్ గుమ్మంలో ఆగిపోయి, తొట్టి పైకి చూస్తున్నాడు.

"ఫోను పెట్టేసి ఆ ప్లగ్గు పీకు."

"ఇవాళ కాదు బాబాయ్. నాన్న కళ్ళు..."

"మీ నాన్న కళ్ళతో నాకేం పని? నేను దీపం గురించి మాట్లాడుతున్నాను. ఇది ట్యూబులైటా, సున్నం కొట్టిన దూలమా?"

ఆమె ప్లగ్గు పీకింది. లాయ్ ట్యూబు దించి తుడిస్తే గుడ్డ తెల్లగా పిండి పట్టినట్టయింది. గొట్టం మూతి నీటి అంచుకు దించాడు. మర తగ్గించాడు. గోడకున్న అద్దం కడిగి, ఏటవాలుగా సర్ది, తడి ఆరాక ప్లగ్గు పెట్టమన్నాడు.

వెలుగు పడింది. ఫంగ్ మళ్ళీ ముక్కు తొట్టికి ఆనించాడు.

"ఆ తోక చిరిగినది బాగా లావెక్కింది," అన్నాడు. "దానికి అంత మేత ఎవరు పెడుతున్నారు?"

యుక్‌లిన్ వెనక్కి తిరిగి చూసేసరికి లాయ్ లేడు. గిన్నె నిండా గంజి పోసుకుని వెతుక్కుంటూ వెళ్ళింది. పక్క సందులోని కషాయం కొట్టులో, చేపల తొట్టి పక్కనే కూర్చుని ఉన్నాడు. ఆ తొట్టికి మూత లేదు. బుడగలు ఎగిరెగిరి దీపం మీద, ఆయన బట్టతల మీద కూడా చిందుతున్నాయి. ఆయన తాపీగా కషాయం తాగుతున్నాడు.

"బాబాయ్, ఇక్కడ తుంపర పడుతోంది."

"పడనీ."

"దీపం పాడైపోతుంది."

"పోనీ. కొట్టువాడు కుర్రాడు. వాడికి చీకట్లో కూడా చేప కనిపిస్తుంది."

యుక్‌లిన్ గిన్నె ఆయన ముందుకు చాపింది. మంగలి తల్లి గుర్తొచ్చింది. పెళ్ళికొడుకు తాత గుర్తొచ్చాడు. ఇద్దరూ తొట్టి పక్కనే కూర్చునే, చూపు ఆనని ముసలివాళ్ళు.

"ఇన్నాళ్ళూ నాన్న కోసమని ఒక్క మాట చెప్పొచ్చుగా."

"చెప్తే ఆయన వింటాడు. చెవులు బాగానే ఉన్నాయి." లాయ్ గిన్నె అందుకున్నాడు. "దీపం మీద గొడవ పడితే నన్ను పిచ్చివాడంటారు, అంతే కదా. కళ్ళ మాటెత్తితే ఆయన సంచి తీస్తాడు. అయినా నీ గంజిలో అల్లం మరీ ఎక్కువ."

ఆమె అంగడికి తిరిగి వచ్చేసరికి తండ్రి వచ్చిన బేరాలవాళ్ళతో గట్టిగా అంటున్నాడు: "పాపం, ఆ లాయ్‌కి దీపాల పిచ్చి. పొద్దున్నే వచ్చి ఎంత గొడవ చేశాడో. ఎవరైనా వైద్యుడికి చూపించండయ్యా."

"అవును నాన్నా," అంది యుక్‌లిన్, నవ్వు రాకుండా పెదవి బిగపట్టి. "బాగా ముదిరిపోయింది." అని, గాలి మర ఇంకొక్క పిసరు తగ్గించింది.