నివాళి ఫ్లెక్స్‌లో కింది వరస

కరోనా సద్దుమణిగి, మనుషులు మళ్ళీ భుజం భుజం ఆనించి ఫోటోలు దిగడం మొదలుపెట్టిన ఏడు అది. తమిళనాడు కోవిల్‌పట్టిలో బస్టాండు వెనక సందులో నాది ఫ్లెక్స్ డిజైన్ అంగడి. అంగడి అన్నానని పెద్దగా ఊహించుకోకండి. ఒక కంప్యూటరు, రెండు కుర్చీలు, గోడ నిండా ఇతరుల పెళ్ళికొడుకులు. ప్రింటింగ్ మెషీను నా దగ్గర లేదు, విరుదునగర్‌లో ఉంది. నేను బొమ్మ సిద్ధం చేసి ఫైలు పంపితే, అక్కడ ప్రింటు తీసి, చుట్ట చుట్టి, తిరునల్వేలి పోయే బస్సులో డ్రైవరు సీటు వెనక పడేస్తారు. అది వచ్చేలోగా నేను టీ అంగడికి పోయి నలుగురికి నాలుగు అబద్ధాలు చెప్పి వస్తాను. ఎవరికీ నష్టంలేని అబద్ధాలే. ఒకసారి కయత్తారులో గాలిమర రెక్క ఊడి మా పిన్నమ్మ పెరట్లో పడిందనీ, ఆమె దాన్ని గొడ్లకు పందిరి వేసుకుందనీ చెప్పాను. ఇద్దరు బండి వేసుకుని చూసి రావడానికి పోయారు.

మా పక్క చెవులు కుట్టినా ఫ్లెక్స్, పెళ్ళయినా ఫ్లెక్స్, మనిషి పోయినా ఫ్లెక్స్. పోయినవాళ్ళకు కట్టేదాన్ని తమిళంలో ‘కణ్ణీర్ అంజలి’ అంటారు, అంటే కన్నీటి నివాళి. దానికొక లేఅవుట్ ఉంది, ఏది ఎక్కడ కూర్చోవాలనే క్రమం. పైన పోయిన మనిషి పెద్ద బొమ్మ, పక్కన వెలిగే దీపం. కింది వరసలో దుఃఖించేవాళ్ళ ఫోటోలు, పేర్లతో సహా. దుఃఖించేవాళ్ళలో కొందరు నల్ల కళ్ళద్దాలతో ఉంటారు, కొందరు ఫోను చెవికి పెట్టుకుని ఉంటారు. ఈ కింది వరస కోసం జరిగినన్ని తగాదాలు పైనున్న మనిషి కోసం ఎన్నడూ జరగలేదు. ఎవరి ఫోటో ముందు, ఎవరి తల పెద్దది, వాడికి మీసం ఎందుకు దిద్దావు, నాకెందుకు దిద్దలేదు. ఒక్క సంగతిలో మాత్రం తగాదా లేదు. పైనున్నవాడు పోయినవాడు, కిందున్నవాళ్ళు బతికున్నవాళ్ళు. చదువు రానివాళ్ళు కూడా అది చూసి ఎవరి ఇంటికి పరామర్శకు పోవాలో తెలుసుకుంటారు.

మాది హాకీ పిచ్చి ఉన్న ఊరు. దేశానికి ఆడిన ఒక పెద్ద హాకీ ఆటగాడు పొద్దున పరుగుకు పోయి రోడ్డు మీదే కూలిపోయాడని ఒకరోజు వార్త వచ్చింది. పేరు రాయను. నలభై కూడా నిండని మనిషి, ఉక్కు ముక్కలాంటివాడు. ఎప్పుడో ఒక టోర్నమెంటుకు మా ఊరు వచ్చి ఆడిపోయాడు.

ఆ రోజు అబద్ధాల్లో ఊరంతా నన్ను మించిపోయింది. మధ్యాహ్నానికల్లా ఆయన టీ తాగిన అంగళ్ళు ఎన్నయ్యాయో చెప్పలేను. అన్ని టీలు తాగి ఉంటే ఆయన ఆట మైదానం చేరేవాడే కాదు. ఆయనకు స్టిక్కు అరువిచ్చినవాడొకడు, చెప్పు తెగితే కుట్టి ఇచ్చినవాడొకడు. బండి దిగి పది అడుగులు నడవని చక్కిలాల అంగడి ఆయన, ‘‘చూసినారా, నేను నడవనంటే నవ్వినారే’’ అని గర్వంగా గల్లా దగ్గర సర్దుకు కూర్చున్నాడు. మైదానం చుట్టూ రోజూ నడిచేవాళ్ళు ఆ సాయంత్రం నడవలేదు, నిలబడి నాడి చూసుకుంటూ మాట్లాడుకున్నారు. బీడీ మానినవాడికి మానడం తప్పేమో అనిపించింది, మానని వాడికి తనకేమీ కాలేదే అనిపించింది. ఎవరికీ ఏమీ అర్థంకాలేదు, అయినా అందరూ వివరించారు.

హాకీ క్లబ్బు సెక్రటరీ సెల్వం పరుగున వచ్చాడు. ఇతని కడుపు ముందు నడుస్తుంది, ఇతను వెనక వస్తాడు. మా మాటలన్నీ తమిళంలోనే, మీకోసం తెలుగు చేస్తున్నాను.

‘‘పెద్దది కావాలి. మైదానం మూల మీద కట్టాలి. కింద మా పిల్లలందరి ఫోటోలు.’’

‘‘నీది?’’

‘‘నాది మొదట. అడగాలా?’’

అతను ఫోటోలు ఫోనులో పంపుతూ ఉండగా గుమ్మంలో గురుసామి కనిపించాడు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పెట్టెలు మోసే మనిషి, మా తెలుగువాడే. లోపలికి రాకుండా చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఎనిమిది నెలల ముందు అతని కొడుకు దురై, పదిహేడేళ్ళవాడు, ఇదే క్లబ్బులో ఆడుతూ ఆడుతూ మైదానంలోనే పడిపోయాడు. ఆసుపత్రికి చేర్చేలోగా అయిపోయింది. పుట్టుకతోనే గుండెలో ఏదో ఉందని డాక్టరు చెప్పాడు. డాక్టరు మాట ఆసుపత్రి దాటి రాలేదు. ఊరు చెప్పుకున్నది వేరు. ఆ పొద్దున వాళ్ళమ్మ లక్షుమమ్మ శివకాశి ఫ్యాక్టరీ వ్యాను అందుకునే తొందరలో పొయ్యి వెలిగించలేదు, బిడ్డ నీళ్ళు తాగి ఆటకు పోయాడు. ఖాళీ కడుపుతో పంపి చంపుకుందని వ్యానులో ఆడవాళ్ళే అన్నారు. పోయినవాళ్ళ ఇంటికి వచ్చి కూర్చుని అన్నారు.

గురుసామి నాతో తెలుగులో మాట్లాడాడు, సెల్వానికి తెలియకూడదని కాబోలు.

‘‘అన్నా, ఈ పెద్దాయన పోతే గుండె అంటాండారు. టీవీలో గుండె బొమ్మ గీసి చూపిస్తాండారు. మావోడు పోతే పెంపకం అన్నారు గదా. ఇద్దరూ ఆడేవాళ్ళే గదా అన్నా. నాకేం అర్తం కాలేదు.’’

 కుర్చీ చూపించాను, కూర్చోలేదు.

‘‘ఆ బోర్డులో మావోడి పోటో కూడా ఎయ్యండన్నా. క్లబ్బు పిలకాయలందరినీ ఎయ్యబోతాండారంట.’’

సెల్వానికి తమిళంలో చెప్పాను. అతను తల గోక్కున్నాడు.

‘‘వేద్దాం, కానీ ఎక్కడ? పైన వేస్తే ఆయన పక్కన మనవాడా అంటారు. ఆయన ఇండియాకు ఆడినాయన.’’

‘‘పైన వద్దు,’’ అన్నాడు గురుసామి, ఈసారి తమిళంలోనే. ‘‘కింద వెయ్యండి, మిగతా పిల్లలతో. వాడు ఉండి ఉంటే అక్కడే గదా ఉండేది.’’

ఇన్నేళ్ళ పనిలో ఆ మాట ఎవరి నోటా వినలేదు. చచ్చినవాడిని బతికున్నవాళ్ళ వరసలో పెట్టమంటున్నాడు. సెల్వం నన్ను బయటికి లాక్కుపోయాడు.

‘‘ఎవడి పక్కన పెడతావు చెప్పు? పక్కవాడి తల్లి రేపు నా గుమ్మం ముందు మట్టి ఎత్తి పోసి శపిస్తుంది. మా వాడు కూడా పోవాలనా అంటుంది.’’

అప్పుడు నా నోరు ఎప్పటిలాగే నాకంటే ముందు కదిలింది. ‘‘విరుదునగర్‌లో కబడ్డీ క్లబ్బులవాళ్ళు ఇప్పుడు అట్లే పెడుతున్నారప్పా. పోయిన పిల్లలు కూడా వరసలో ఉండాల్సిందే. లేకపోతే జట్టు తక్కువైనట్టు లెక్క.’’

‘‘నిజమా?’’

‘‘మొన్ననే పంపాను ఒకటి.’’ పంపలేదు. విరుదునగర్‌లో అలాంటి పద్ధతి ఏదీ లేదు.

సెల్వం చాలాసేపు గుమ్మంలోని గురుసామి చెప్పులు చూశాడు. ‘‘వాడిని ఆ రోజు ఆసుపత్రికి నా బండి మీదే తీసుకుపోయాను,’’ అన్నాడు. ‘‘నా పక్కన పెట్టు. నన్ను ఎవడూ ఏమీ అనడు. నాకు తల్లి లేదు గదా.’’

ఫోటో పెద్ద ఇబ్బందే అయింది. వాళ్ళ దగ్గరున్నది పాఠశాల గుర్తింపు కార్డులోది ఒక్కటే, ముఖం తప్ప ఏమీ లేదు. వరసలో అందరూ చేతులు జోడించి ఉన్నారు, సెల్వమే అలా దిగమన్నాడు. ఇలాంటప్పుడు మేము ‘బాడీ’ వాడతాం. చేతులు జోడించిన తెల్ల చొక్కా మనిషి కంప్యూటరులో ఎప్పుడూ సిద్ధంగా ఉంటాడు, తల మాత్రం మారుస్తాం. వార్డు మెంబర్లు ఎందరో అదే చొక్కాలో ఉన్నారు. దురై తల దానిమీద పెట్టి, మెడ దగ్గర రంగు కలిపి, ఫైలు పంపాను.

కాసేపటికి విరుదునగర్ నుండి మెషీను ఆపరేటరు ఫోను.

‘‘అన్నా, సెక్రటరీ పక్కనున్న పిల్లోడి అంజలి నేనే గదా తీసింది? బతికి వచ్చినాడా?’’

‘‘రాలేదు.’’

‘‘మరి కింద ఉన్నాడే? తప్పు పడిందేమో, ఆపమంటారా?’’

ఇంక్ ఆరేవరకే మాకు అధికారం, తరువాత అది ఊరిది. ఆపమని నాలుక చివరిదాకా వచ్చింది. గురుసామి ఇంకా చెప్పులు వేసుకోకుండా అక్కడే ఉన్నాడు. ‘‘తియ్యప్పా,’’ అన్నాను.

మరుసటి రోజు మైదానం మూల మీద ఫ్లెక్స్ లేచింది. జనం వచ్చారు, పెద్దాయనకు పూలు వేశారు, తరువాత కింది వరస చూసి ఆగిపోయారు. దురైని తెలియనివాళ్ళకు ఏమీ కాలేదు. తెలిసినవాళ్ళు మాత్రం ఒకరినొకరు చూసుకున్నారు. ఒక ముసలాయన టోపీ తీసి, మళ్ళీ పెట్టుకుని, ఎవరికి తీశాడో తెలియనట్టు మళ్ళీ తీశాడు. ఇది తప్పా, గౌరవమా అని నన్నే అడిగారు. విరుదునగర్ పద్ధతి అన్నాను. అందరూ తలూపారు, అప్పటికే తెలిసినట్టు.

శివకాశి వ్యాను ఆ మూల మీదనే తిరుగుతుంది. రెండు రోజుల తరువాత, పని లేని ఆదివారం, లక్షుమమ్మ నా అంగడికి వచ్చింది. ఎనిమిది నెలల్లో ఆమె ఫ్యాక్టరీకి తప్ప వేరే చోటికి పోవడం నేను చూడలేదు. గొడవకే వచ్చిందనుకున్నాను.

‘‘ఆ చేతులు మావోడివి కావు,’’ అంది.

‘‘కావక్కా. వాడి పోటోలో చేతులు లేవు.’’

‘‘తెలుసు. మావోడి వేళ్ళు పొడుగు. అది చెప్పేదానికి రాలేదు.’’ కొంగు వేలికి చుట్టుకుంటూ గోడ మీది పెళ్ళికొడుకులను చూసింది. ‘‘నువ్వు పేపరు చదువుతావు, టీవీ చూస్తావు. ఆ పెద్దాయన ఆ పొద్దున తినినాడా, తినకుండానే పరుగెత్తినాడా?’’

అప్పుడు తెలిసింది ఆమె ఎందుకు వచ్చిందో. ఊరంతా ఆయన మీద చెప్పుకున్న వెయ్యి మాటల్లో ఆమెకు కావలసింది ఈ ఒక్కటే. నేను చదివినదానిలో అది లేదు. నాకు తెలియదు. తెలియదని చెప్పాలని ఉంది కూడా. కానీ తెలియదు అంటే ఆమె తినకుండానే అని వింటుంది.

‘‘తినినాడక్కా,’’ అన్నాను. ‘‘ఇడ్లీలు, గుడ్లు, పాలు. వంటమనిషి ఉన్నాడు ఆయనకు. ఏమి తినాలో చెప్పేదానికి వేరే డాక్టరు. అన్నీ అయినాకే బయలుదేరినాడు.’’

‘‘అంతా తినినాడా?’’

‘‘అంతా.’’

‘‘తినినా పోయినాడా?’’

‘‘పోయినాడక్కా.’’

ఆమె కుర్చీలో కూర్చుంది.  ‘‘అట్లయితే...’’ అంది. కొంగు వేలి నుండి విప్పుకుని లేచి పోయింది.

వారం తిరగక ముందే నా ఇడ్లీలు నా దగ్గరికే వచ్చాయి. టీ అంగడిలో ఒకడు చెబుతున్నాడు, ఆ ఆటగాడు పోయే ముందు పన్నెండు ఇడ్లీలు తిన్నాడట, అత్తగారు చేతితో రుబ్బిన పిండట. శివకాశి వ్యానులో ఆడవాళ్ళు మాట్లాడుకుంటుంటే, చెప్పేవాడి భార్య విన్నదట. తినినవాడే పోతే తిండిదేముంది, రాత అంతే అని వాళ్ళలో ఒకామె అందట. ఆ ఒకామె ఎవరని అడిగాను. పేరు చెప్పాడు. ఆ రోజు దురై ఇంట్లో కూర్చుని ఖాళీ కడుపు మాట మొదలుపెట్టిన ఆమే. మామూలుగా నా కథ తిరిగి వస్తే అది నాదేనని గొప్పగా చెప్పుకుంటాను. ఆ రోజు టీ చల్లారేదాకా గ్లాసులోకే చూశాను.

కొన్నాళ్ళకు గురుసామి దారిలో ఎదురయ్యాడు. నా సంగతి అతనికి తెలియనిదేమీ కాదు, గాలిమర రెక్క చూడడానికి పోయిన ఇద్దరిలో అతనొకడు.

‘‘అన్నా, ఆ ఇడ్లీల మాట నిజమేనా?’’

నా నోరు మొదటిసారి నాకంటే వెనకబడింది. అతను నా ముఖం చూశాడు.

‘‘వద్దులేన్నా,’’ అన్నాడు. ‘‘చెప్పొద్దు.’’ పెట్టె భుజానికెత్తుకుని పోయాడు.

నేను చేసింది మేలో కీడో ఈనాటికీ తేల్చుకోలేదు. పని మాత్రం కొంచెం మారింది. పెద్ద పేరున్నవాళ్ళు హఠాత్తుగా పోయి జనం అంగడికి ఎగబడినప్పుడు, సైజు అడగకముందే, ‘‘ఆయన మీకేమవుతారు?’’ అని అడుగుతున్నాను. చాలామంది నవ్వి, ఏమీ కారంటారు. ఒక్కొక్కరు మాత్రం తమ ఇంట్లో పోయిన వేరే ఎవరి పేరో చెబుతారు.