కిరాయి ఇంటికొచ్చిన తాతయ్య

నా చిన్నప్పుడు మా బాపుకు కరీంనగర్‌లో సర్కారు నౌకరి దొరికింది. నౌకరి దొరికినంత తేలిగ్గా ఇల్లు దొరకలేదు. కిరాయి మాట కంటే ముందు "మీరేమోల్లు?" అని కులం అడిగేవాళ్లు. బాపు చెప్పగానే, ఆ గది మా చెల్లెలికి కావాలనేవాళ్లు. అబ్బో, ఆ పట్నంలో ఎందరు చెల్లెళ్లో! ఇల్లు లేకపోతే మా అమ్మా (అవ్వ అనేదాన్ని) నేనూ ఊరికి తిరిగిపోవాలి, నా బడి ఆగిపోవాలి. చివరికి బాపు విసిగిపోయి, ఒక ఇంటావిడతో వేరే కులం పేరు చెప్పేశాడు. ఆవిడ వెంటనే తాళంచెవి చేతిలో పెట్టింది.

అప్పటినుంచి మాకు కుదురు లేదు. ఆవిడ మంచిదే, అబద్ధమెందుకు, నన్ను పిలిచి బియ్యప్పిండితో కాల్చిన సర్వపిండి పెట్టేది. కానీ గేటు చప్పుడైతే చాలు, అవ్వ చేతిలో పని వదిలేసి కిటికీ దగ్గరికి ఉరికేది. చుట్టాలెవరూ రావద్దని కబురు పెట్టింది.

ఆ కబురు అందలేదో ఏమో, ఒకరోజు మా తాతయ్య మక్కకంకుల మూటతో దిగాడు. మా ఊళ్లో చెప్పులు కుట్టేది ఆయనే. అరుగు మీద కూర్చున్న ఆయన్ను చూసి, ఎవరే అని ఇంటావిడ నన్ను అడిగింది. ఇల్లు పోతుందని భయం. "మా ఊరాయన" అన్నాను.

తాతయ్య ఆవిడ వైపు తిరిగి, "నేను దీని తాతను తల్లీ. చెప్పులు కుట్టేటోణ్ణి. నీ చెప్పు తెగినట్టున్నది, ఇటియ్యి" అన్నాడు. ఆవిడ చెప్పులు అక్కడే వదిలేసి లోపలికి వెళ్లిపోయింది. ఆయన తీరిగ్గా కుట్టి, గడప పక్కన జతగా పెట్టాడు. సాయంత్రానికి ఇల్లు ఖాళీ చేయమన్నారు.

బాపు మండిపడ్డాడు. "గింత తిరిగితే దొరికిన ఇల్లు! జర ఊకుంటే నీదేం పోయింది?"

"ఇల్లు ఇంకోటి దొరుకుతది కొడుకా. పోరికి గిదే అలవాటైతే, రేపు నిన్ను గూడ మా ఊరాయనే అంటది."

మర్నాడు తాతయ్యే ముందు నడిచాడు. ప్రతి గుమ్మంలో అడగకముందే కులం చెప్పాడు. తలుపులు మూసుకుంటూనే ఉన్నాయి. పొద్దు గూకే వేళకు, మగ్గాల షెడ్డు పక్కన ఒక నేతపనాయన గది చూపించి, "గీ చప్పుడుకు నిద్రపడ్తదా మీకు?" అని మాత్రం అడిగాడు. నిజంగానే నెలరోజులు మాకు నిద్ర పట్టలేదు.

నా అబద్ధానికి తాతయ్య తిట్టి ఉంటే ఎప్పుడో మర్చిపోయేదాన్ని. ఇప్పుడు నా జుట్టూ నెరిసింది. కొత్తవాళ్లింటికి వెళ్తే వాళ్లు అడిగేదాకా ఆగను, చెప్పులు కుట్టే ఆయన మనవరాలినని ముందే చెప్పేస్తాను. కొందరి ముఖం మారుతుంది. మారనీ. కానీ ఎన్ని ఇళ్లలో చెప్పినా ఏం లాభం? ఆ మాట ఆ రోజు, ఆయన వింటుండగా అనాల్సింది.