మామగారు డాన్సు చేశారా, లేదా?

మా మామగారు లెక్కల మేష్టారుగా రిటైరయ్యారు. మా పెళ్లి ఊరేగింపులో ఆయన బ్యాండు ముందు డాన్సు చేశారని చుట్టాలంతా చెబుతారు. ఆయన మాత్రం ఒప్పుకోరు. అత్తగారు చూడలేదు, ఆ సమయానికి ఆవిడ లోపల కూతురి సారె సర్దుతున్నారు. ఒక్కసారైనా భర్త డాన్సు కళ్లారా చూడాలని ఇన్నేళ్లుగా ఆవిడ కోరిక.

ఆ వీడియో ఉన్న మా పాత ల్యాప్‌టాప్ కాలం చేసింది. హార్డ్ డిస్కు బతికే ఉందని షాపాయన దాన్ని తీసి చేతిలో పెట్టాడు. పేరుకే హార్డు, జారిపడితే చాలు మనసు విరిగిపోతుందట! దాన్ని పెట్టుకోవడానికి ఎన్‌క్లోజర్ అనే చిన్న పెట్టె కొన్నాను. అందులో డిస్కు పెట్టి, కేబులు ఇంట్లో ఉన్న కంప్యూటర్‌కి గుచ్చితే సరిపోతుందన్నాడు. మొగల్తూరు నుంచి అత్తగారూ మామగారూ ధవళేశ్వరంలో మా ఇంటికి వచ్చిన రోజే ముహూర్తం పెట్టాను.

డిస్కుని పెట్టెలోకి తోశాను. తలకిందులుగా తోశానని మా ఆవిడ చెప్పాక తిప్పి తోశాను. కేబులు పట్టుకుని సీపీయూ ముందు చతికిలబడ్డాను.

"అయ్యో, మీరు కింద కూర్చోడమేంటండి అల్లుడు గారూ! లేవండి," అన్నారు మామగారు పేపరు చాటునుంచి. అది మర్యాదో, పన్నాగమో తేల్చుకోలేకపోయాను.

"మీరు ఊరుకోండి. నాకోసమే కదా పాపం ఆయన కష్టపడుతున్నారు," అన్నారు అత్తగారు కుర్చీ ముందుకి జరుపుకుంటూ.

నాకు బాగా తెలిసిన పోర్టు కాకినాడ పోర్టు ఒక్కటే. సీపీయూ ముందున్న ఈ పోర్టులో కేబులు దూరలేదు. తిప్పినా దూరలేదు. గట్టిగా నొక్కితే సగంలో ఆగింది. పెట్టె మీద లైటు వెలగలేదు. మామగారి మొహం మాత్రం వెలిగింది.

"పాత డిస్కు కదండీ, పోయుంటుంది. వదిలేయండి, కాఫీ తాగుదాం," అన్నారు ఎంతో ఓదార్పుగా. అత్తగారి మొహం చిన్నబోయింది.

మా ఆవిడ ఫోను టార్చి వేసి వంగి చూసింది. "ఏవండీ, ఇందులో గంధం ఉంది. దసరాకి దీనికి పూజ చేసింది ఎవరూ?"

నేనే. ఆయుధపూజకి స్కూటరుకీ మిక్సీకీ పెట్టినట్టే కంప్యూటర్‌కీ బొట్లు పెట్టాను. నున్నటి రేకు మీద నిలవదని, కన్నం కనిపించిన ప్రతిచోటా చిటికెనవేలితో గంధం కూరి కుంకుమ అద్దాను. ఇప్పుడది సిమెంటులా గట్టిపడింది. భక్తికి లోటు లేదు, కేబులుకే చోటు లేదు.

"వెనకాల కూడా పోర్టులుంటాయి. అక్కడా పెట్టారా?"

"గోడవైపు చెయ్యి పట్టలేదు."

"బతికించారు!"

ముందుచూపు లేనివాణ్ని గనక వెనక్కి చూశాను. సీపీయూ తిప్పి వెనక పోర్టులో గుచ్చగానే ఠింగుమంది. నీలం లైటు మిణుకుమంది.

తెర మీద ఊరేగింపు మొదలైంది. బ్యాండు ముందు కండువా నడుముకి బిగించి, రెండు చేతులూ పైకెత్తి గిరగిరా తిరుగుతున్నది సాక్షాత్తూ మా లెక్కల మేష్టారే. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. భుజాలు మాత్రం ఊగిపోతున్నాయి.

"మళ్లీ వేయండి బాబూ!"

మళ్లీ వేశాను.

"ఎంత బాగా చేశారండీ! నాకెందుకు చెప్పలేదూ?" అన్నారావిడ భర్తతో, మురిసిపోతూ.

మామగారు పేపరు మడిచి మెల్లిగా తెర దగ్గరికి వచ్చారు. ఒక్క క్షణం చూసి, వేలు పెట్టి చూపించారు.

"అదిగో, అక్కడ ఆ డ్రమ్ములాయన తాళం తప్పాడు. లేకపోతే ఇంకా బాగా వచ్చేది."